క్రాకోవ్‌లో పాత బిల్డింగులు ఎలా చూడాలి: ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ వరసలో నడవాలి, ఏం గమనించాలి

పోలండ్‌లో చదువుకుంటున్న మన పిల్లలు, జర్మనీ నుంచి వీకెండ్‌కి వచ్చే ఉద్యోగస్తులు, ఇండియా నుంచి అమ్మానాన్నల్ని యూరప్ చూపించడానికి తీసుకొచ్చేవాళ్ళు, వీళ్ళందరి క్రాకోవ్ ప్లాన్ దాదాపు ఒకేలా ఉంటుంది. ఒక పూట ఆష్విట్జ్ (నాజీల మరణ శిబిరం), ఇంకో పూట ఉప్పు గని, రాత్రి మార్కెట్ స్క్వేర్‌లో నాలుగు ఫోటోలు, తెల్లారితే బస్సు. ఆ రెండూ చూడాల్సినవే, కాదనను, కానీ అవి రెండూ ఊరి బయట ఉన్నాయి, ఊరు మాత్రం చూడకుండా వెళ్ళిపోతున్నారు. నా మాట వినండి, క్రాకోవ్ ఊరికే ప్రత్యేకంగా రెండు రోజులు ఇవ్వండి, అదీ నడుస్తూ, తల పైకెత్తి. దానికి ఏ వరసలో వెళ్ళాలి, ఎక్కడ ఎంతసేపు ఆగాలి అనేదే ఇక్కడ రాస్తున్నా.

ముందు ఒక విషయం తెలిస్తే మీరు చూసే చూపే మారుతుంది. వార్సా పాతబస్తీ రెండో ప్రపంచ యుద్ధంలో నేలమట్టం అయింది, ఇప్పుడు కనిపించేది యుద్ధం తర్వాత మళ్ళీ కట్టింది, గ్దాన్‌స్క్ పాత ఊరు కూడా చాలావరకు అంతే. క్రాకోవ్ అలా కాదు, నాజీలు దీన్ని తమ ఆక్రమిత ప్రాంతానికి రాజధానిగా పెట్టుకున్నారు, వాళ్ళ గవర్నర్ హాన్స్ ఫ్రాంక్ ఏకంగా పోలండ్ రాజుల పాత కోట వావెల్‌లోనే కాపురం పెట్టాడు, మనుషుల్ని నాశనం చేశారు, లోపలి కళాఖండాలు దోచుకున్నారు కానీ బిల్డింగులు మాత్రం పెద్దగా దెబ్బతినకుండా మిగిలాయి. కాబట్టి ఇక్కడ మీరు చెయ్యి పెట్టి ముట్టుకునే గోడ చాలాచోట్ల నిజంగానే ఆరేడు వందల ఏళ్ళ నాటి గోడ. 1978లో యునెస్కో మొట్టమొదటిసారి ప్రపంచ వారసత్వ జాబితా వేసినప్పుడు అందులో పన్నెండు చోట్లే ఉన్నాయి, వాటిల్లో రెండు ఇక్కడివే, ఒకటి క్రాకోవ్ పాతబస్తీ, రెండోది పక్కనున్న వ్యెలిచ్కా ఉప్పు గని.

ఇంకోటి, బయల్దేరే ముందు నాలుగు గుర్తులు బుర్రలో పెట్టుకోండి, ఆర్కిటెక్చర్ చదవక్కర్లేదు, ఇవి చాలు. మందమైన రాతి గోడ, సన్నగా చీలికల్లాంటి కిటికీలు, సగం గుండ్రటి ఆర్చ్ కనిపిస్తే అది రొమనెస్క్, అంటే 11, 12 శతాబ్దాలు. ఎర్ర ఇటుక, మొన తేలిన ఆర్చ్, నిట్టనిలువుగా ఎత్తు కనిపిస్తే గోతిక్, 13 నుంచి 15వ శతాబ్దం దాకా. వరసగా స్తంభాల వరండాలు, కప్పు కనపడకుండా పైన అలంకారాల పిట్టగోడ ఉంటే రెనైజాన్స్, 16వ శతాబ్దం, దీని వెనక చాలావరకు ఇటలీ నుంచి వచ్చిన మేస్త్రీలు ఉంటారు. ముందువైపు రాతి ముఖం నిండా విగ్రహాలు, వంపులు, లోపల తెల్లటి గచ్చు బొమ్మలు, బంగారు పూత ఉంటే బరోక్, 17, 18 శతాబ్దాలు. అయితే ఒకే చర్చిలో బయట గోడ రొమనెస్క్, లోపల అలంకారం బరోక్ ఉండటం ఇక్కడ మామూలు, ఎందుకంటే ఎవరూ పాతది పూర్తిగా కూల్చలేదు, ప్రతి తరం తన వంతు చేర్చుకుంటూ పోయింది. ఆ పొరలు విడదీసి చూడటంలోనే అసలు ఆనందం ఉంది.

నడక బార్బికన్ దగ్గర మొదలుపెట్టండి, రైల్వే స్టేషన్ నుంచి పది నిమిషాలు కూడా పట్టదు. మార్కెట్ స్క్వేర్ నుంచే మొదలుపెడితే వరస పోతుంది. పూర్వం రాజులు పట్టాభిషేకానికి, విదేశీ రాయబారులు దర్బారుకి ఇదే దారిలో వెళ్ళేవాళ్ళు, బార్బికన్, ఫ్లోరియాన్‌స్కా వీధి, మార్కెట్, గ్రోద్స్కా వీధి, చివర వావెల్ కొండ. రాజమార్గం అని పేరు. ఊరు మిమ్మల్ని మెల్లమెల్లగా కోట దగ్గరికి తీసుకెళ్ళేలా కుదిరింది కాబట్టి మనం కూడా అదే వరస పాటిస్తే బావుంటుంది.

బార్బికన్ అంటే ఊరి ప్రధాన ద్వారానికి ముందు కట్టిన గుండ్రటి కాపలా కోట, 1498లో మొదలెట్టారు, గోడ మందం మూడు మీటర్ల దాకా ఉంటుంది, పైన ఏడు చిన్న బురుజులు. చుట్టూ నడిచి చూడండి, గోడల్లో తుపాకులకి, బాణాలకి వదిలిన కంతలు కనిపిస్తాయి. దాని వెనకే ఫ్లోరియన్ గేట్, 14వ శతాబ్దపు మొదట్లోది. ఊరి చుట్టూ ఉన్న మిగతా గోడ, బురుజులు అన్నీ 19వ శతాబ్దం మొదట్లో కూల్చేశారు, ఈ కాస్త ముక్క మాత్రం మిగలడానికి ఫెలిక్స్ రద్వాన్‌స్కి అనే ప్రొఫెసర్ కారణం, ఈ గోడ తీసేస్తే ఉత్తరపు చలిగాలి నేరుగా ఊర్లోకి కొడుతుంది, జనం జబ్బు పడతారు అని వాదించి నిలబెట్టించాడని చెప్తారు. కూల్చిన గోడ, పూడ్చిన కందకం ఉన్న చోటంతా తోట వేశారు, అదే ప్లాంటీ పార్క్, పాతబస్తీ చుట్టూ దాదాపు నాలుగు కిలోమీటర్లు ఉంటుంది. మ్యాప్‌లో ఆ ఆకుపచ్చ పట్టీ చూస్తే పాత ఊరు హద్దు ఎక్కడిదాకానో ఇట్టే తెలిసిపోతుంది, దారి తప్పితే కూడా అదే ఆధారం, ఎటు నడిచినా చివరికి ప్లాంటీ తగులుతుంది.

ఫ్లోరియాన్‌స్కా వీధిలో కింద అంతా కబాబ్ షాపులు, సావనీర్లు, మనీ ఎక్స్‌ఛేంజీలు, కింద చూస్తే ఏ టూరిస్ట్ వీధైనా ఒకటే, మొదటి అంతస్తు నుంచి పైకి చూస్తూ నడవండి. గుమ్మాల మీద రాతి చెక్కడాలు ఉంటాయి. 41 నంబర్ ఇల్లు చిత్రకారుడు యాన్ మతెయ్‌కో పుట్టి పెరిగిన ఇల్లు, ఇప్పుడు మ్యూజియం, ఈ పేరు గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో మళ్ళీ వస్తాడు. వీధి చివర సెయింట్ మేరీ చర్చి టవర్లు కనిపిస్తూ ఉంటాయి, దగ్గరికి వెళ్తున్నకొద్దీ ఒక టవర్ పొడుగు, ఒకటి పొట్టి అని తెలుస్తుంది. పొడుగుది 80 మీటర్లు పైనే. ఇద్దరు అన్నదమ్ములు పోటీపడి కట్టారని, అసూయతో ఒకడు ఇంకొకణ్ణి చంపేశాడని కథ, ఆ కత్తి అని చెప్పి ఒకటి సుకెన్నిత్సె, అంటే స్క్వేర్ మధ్యలో ఉన్న పాత బట్టల మార్కెట్, గుమ్మంలో వేలాడదీసి ఉంటుంది, చూడండి.

ఈ చర్చి దగ్గర తొందరపడొద్దు. గంట కొట్టే టైమ్‌కి ఐదు నిమిషాలు ముందే పొడుగు టవర్ కింద నిలబడండి. రోజూ ప్రతి గంటకీ, రాత్రిళ్ళు కూడా, పైనుంచి ఒక మనిషి బూర ఊదుతాడు, నాలుగు దిక్కుల కిటికీల నుంచి నాలుగు సార్లు, మొదట వావెల్ కోట వైపు రాజు కోసం. రికార్డింగ్ కాదు, ఫైర్ డిపార్ట్‌మెంట్ ఉద్యోగి నిజంగా ఊదుతాడు, ఎందుకంటే పూర్వం ఈ టవర్ మీద కాపలావాడి పని మంటలు, శత్రువులు కనిపిస్తే హెచ్చరించడం. ఆ పాట మధ్యలో టక్కున ఆగిపోతుంది. 1241లో తాతార్లు, అంటే మంగోల్ సైన్యాలు, దండెత్తినప్పుడు హెచ్చరిక ఊదుతున్నవాడి గొంతులో బాణం దిగిందని, అందుకే అక్కడ ఆపేస్తారని కథ, చరిత్రగా రుజువు లేదు గానీ ఊరంతా ప్రేమగా మోసుకొస్తున్న కథ. మధ్యాహ్నం పన్నెండుకి ఊదేది 1927 నుంచి పోలిష్ రేడియోలో దేశమంతా వస్తుంది. అయిపోయాక చెయ్యి ఊపండి, పైనుంచి ఆయన కూడా చెయ్యి ఊపుతాడు, పిల్లలకి భలే నచ్చుతుంది.

చర్చి ముందువైపు గుమ్మం ప్రార్థనకి వచ్చేవాళ్ళది, టూరిస్టులకి పక్క నుంచి దారి, టికెట్ ఎదురుగా ఉన్న కౌంటర్‌లో. ఆదివారం పొద్దున ప్రార్థనలు ఉంటాయి కాబట్టి ఆ పూట పెట్టుకోకండి. లోపల అడుగుపెట్టగానే నీలం రంగు కప్పు మీద బంగారు నక్షత్రాలు, గోడల నిండా రంగులు, ఆ గోడల అలంకరణ ఇందాక చెప్పిన మతెయ్‌కోదే, 19వ శతాబ్దం చివరిది. కానీ అసలు చూడాల్సింది ఎదురుగా ఉన్న చెక్క బలిపీఠం. నూరెంబర్గ్ నుంచి వచ్చిన విత్ స్త్వోష్ అనే శిల్పి 1477 నుంచి 1489 దాకా పన్నెండేళ్ళు దీని మీదే కూర్చున్నాడు, ఖర్చు పెట్టుకుంది రాజు కాదు, ఊరి జనం. ఎత్తు సుమారు 13 మీటర్లు, మధ్యలో ఉన్న పెద్ద బొమ్మలు మనిషి కంటే పెద్దవి, లిండెన్ చెక్కలో చెక్కినవి. మధ్య దృశ్యంలో మేరీ మాత మోకాళ్ళ మీద ఒరిగిపోతుంటే చుట్టూ శిష్యులు పట్టుకుని ఉంటారు, వాళ్ళ చేతులు చూడండి, ముసలివాళ్ళ చేతుల మీద ఉబ్బిన నరాలు, ముడతలు, వేళ్ళ కణుపులు కూడా చెక్కాడు. దీనికి తలుపులు ఉంటాయి, మధ్యాహ్నానికి పది నిమిషాలు ముందు, అంటే 11:50కి, తలుపులు తెరవడం ఇక్కడ ఆనవాయితీ, కుదిరితే ఆ టైమ్‌కి లోపల ఉండేలా చూసుకోండి. నాజీలు దీన్ని ముక్కలుగా విప్పి జర్మనీకి ఎత్తుకుపోయారు, 1946లో తిరిగొచ్చింది.

బయటికొస్తే మార్కెట్ స్క్వేర్, రినెక్ గ్వువ్నీ అంటారు. ఒక్కో వైపు దాదాపు 200 మీటర్లు, మధ్యయుగాల నాటి చౌకుల్లో యూరప్‌లోనే అతి పెద్దవాటిల్లో ఒకటి. తాతార్ల దాడిలో కాలిపోయిన ఊరిని 1257లో కొత్తగా గళ్ళు గీసి ప్లాన్ చేశారు, ఆ ప్లానే ఇప్పటికీ ఉంది. ఇక్కడ ఒక చిన్న పని చేయండి, స్క్వేర్ మధ్యలో నిలబడి సెయింట్ మేరీ చర్చిని చూడండి, చౌకు అంచుకి సమానంగా ఉండదు, కొంచెం ఏటవాలుగా తిరిగి ఉంటుంది. గ్రోద్స్కా వీధి కూడా మిగతా వీధుల్లా తిన్నగా కాకుండా మూల నుంచి అడ్డంగా బయల్దేరుతుంది. కారణం ఏంటంటే అవి రెండూ ఆ గళ్ళ ప్లాన్ కంటే ముందువి, కొత్త ప్లాన్ వేసినవాళ్ళు వాటి జోలికి పోకుండా సర్దుకున్నారు. దక్షిణం మూల ఉన్న బుల్లి చర్చి, సెయింట్ వోయ్‌చెఖ్ చర్చి, స్క్వేర్ కంటే పాతది, దాని పాత నేల ఇప్పటి రోడ్డు కంటే రెండు మీటర్ల దాకా కింద ఉంది, వందల ఏళ్ళు రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోతే అంత ఎత్తు పెరిగింది. ఇది నమ్మబుద్ధి కాకపోతే స్క్వేర్ కింద అండర్‌గ్రౌండ్ మ్యూజియం ఉంది, 2010లో తెరిచారు, తవ్వకాల్లో బయటపడ్డ పాత రాతి రోడ్లు, దుకాణాల పునాదులు ఉన్నచోటే చూపిస్తారు. టికెట్లు లిమిటెడ్, ముందురోజే ఆన్‌లైన్‌లో తీసుకోండి.

చౌకు నడిమధ్యలో పొడుగ్గా ఉన్నది సుకెన్నిత్సె, బట్టల వర్తకుల మార్కెట్. 1555లో కాలిపోయాక ఇటాలియన్ మేస్త్రీలు రెనైజాన్స్ పద్ధతిలో మళ్ళీ కట్టారు. పైన పిట్టగోడ మీద వరసగా వికారంగా మొహాలు పెట్టిన రాతి తలలు ఉంటాయి, జూమ్ చేసి చూడండి, ఏ రెండూ ఒకటి కావు. ఆ పిట్టగోడ ఊరికే అందానికి కాదు, కప్పు దాని వెనక దాక్కుంటుంది, పక్కింట్లో మంటలు అంటుకుంటే నేరుగా కప్పుకి పాకకుండా అడ్డం. ఇది హిట్ అయ్యి పోలండ్ అంతా పాకింది, తర్వాత మీరు ఎక్కడ ఇలాంటి పిట్టగోడ చూసినా ఈ బిల్డింగే గుర్తొస్తుంది. కింద ఉన్న ఆర్చీల వరండాలు మాత్రం 1870ల్లో చేర్చినవి. లోపల షాపుల్లో అంబర్ నగలు ధరలు ఎక్కువ, చూసి వచ్చేయండి. పై అంతస్తులో 19వ శతాబ్దపు పోలిష్ పెయింటింగుల గ్యాలరీ ఉంది, పెయింటింగులంటే ఇష్టం ఉంటే గంట ఇవ్వొచ్చు. పక్కనే ఒంటరిగా నిలబడ్డ టౌన్ హాల్ టవర్, అసలు టౌన్ హాల్‌ని 1820లో కూల్చేశారు, 1703 నాటి తుఫాను వల్ల ఈ టవర్ 55 సెంటీమీటర్లు ఒరిగి ఉంది.

అక్కడ్నుంచి రెండు సందులు పడమరగా వెళ్తే కొలేజియుమ్ మాయుస్, యూనివర్సిటీ పాత బిల్డింగ్. యూనివర్సిటీ 1364లో కాజిమియెష్ రాజు పెట్టింది, కోపర్నికస్ 1491 నుంచి కొన్నేళ్ళు ఇక్కడే చదివాడు. లోపలి ముంగిట్లోకి టికెట్ లేదు, చుట్టూ వరండా, మధ్యలో బావి, పైన గడియారం, పగలు బేసి గంటల్లో బొమ్మలు బయటికొచ్చి తిరుగుతాయి. పది నిమిషాలు చాలు, కానీ ఊర్లో అంత నిశ్శబ్దంగా ఉండే చోటు దొరకడం కష్టం.

ఇప్పుడు చాలామంది వదిలేసే చోటు చెప్తాను, ఫ్రాన్సిస్కన్ చర్చి. బయటినుంచి మామూలు ఎర్ర ఇటుక చర్చి, టూరిస్ట్ గుంపులు పక్కనుంచే వెళ్ళిపోతాయి. 1850లో ఊర్లో పెద్ద అగ్నిప్రమాదం అయ్యింది, ఈ చర్చి లోపల కూడా బాగా కాలిపోయింది, ఆ శతాబ్దం చివర్లో గోడల అలంకరణ స్తనిస్వావ్ విస్ప్యాన్‌స్కి అనే కుర్ర చిత్రకారుడికి ఇచ్చారు. ఆయన గోడల నిండా పొలం గట్ల మీద, ఇళ్ళ ముందు పూసే మామూలు పూలు వేశాడు, పెద్దపెద్దగా, చర్చిలో ఇలాంటివి ఎవరూ ఊహించరు. లోపలికి వెళ్ళాక బలిపీఠం దాకా నడిచి వెనక్కి తిరగండి. ప్రవేశద్వారం పైన రంగుల గాజు కిటికీ, సృష్టి చేస్తున్న దేవుడు చెయ్యి పైకెత్తి ఉంటాడు, నీలం, ఆకుపచ్చ, ఊదా రంగులు మంటల్లా పైకి లేస్తుంటాయి. ఆ కిటికీ పడమర గోడలో ఉంది కాబట్టి మధ్యాహ్నం తర్వాత ఎండ వెనక నుంచి పడుతుంది, అప్పుడే వెళ్ళండి, పొద్దున వెళ్తే సగమే చూసినట్టు. నా మటుకు నాకు క్రాకోవ్ మొత్తంలో ఒకే ఒక్క గది చూపించమంటే ఇదే చూపిస్తా.

గ్రోద్స్కా వీధిలో దక్షిణంగా వస్తుంటే ఎడమ చేతి వైపు రెండు చర్చిలు పక్కపక్కనే ఉంటాయి, ఇందాక చెప్పిన గుర్తులు పరీక్షించుకోడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. మొదటిది సెయింట్ పీటర్ అండ్ పాల్, 1597లో జెస్యూట్లు అనే కాథలిక్ సన్యాసుల సంఘం మొదలుపెట్టింది, రోమ్‌లో వాళ్ళ చర్చి చూసి అదే పద్ధతిలో కట్టారు, క్రాకోవ్‌లో మొదటి బరోక్ బిల్డింగ్. ముందు కంచె మీద పన్నెండుమంది శిష్యుల విగ్రహాలు, ఇప్పుడున్నవి నకళ్ళు, అసలువి గాలిలో కాలుష్యం వల్ల, యాసిడ్ వానల వల్ల అరిగిపోయాయి. దాని పక్కనే తెల్లటి రాయితో రెండు సన్నటి టవర్లున్న సెయింట్ ఆండ్రూ చర్చి, 11వ శతాబ్దం చివరిది, 1241లో తాతార్లు వస్తే జనం ఇందులో దాక్కుని బతికారు. గోడలు చూడండి, కిటికీలు కాదు అవి, కోట గోడలో కంతల్లా ఉంటాయి. టవర్ల మీద టోపీలు మాత్రం తర్వాతెప్పుడో బరోక్ కాలంలో పెట్టినవి, లోపలికి వెళ్తే మొత్తం తెల్లటి గచ్చు, బంగారం, పడవ ఆకారంలో ఉపన్యాస వేదిక. ఐదు వందల ఏళ్ళ తేడా ఉన్న రెండు పద్ధతులు ఇరవై అడుగుల దూరంలో, ఎదురు పేవ్‌మెంట్ మీద నిలబడి రెండింటినీ ఒకే చూపులో చూడండి.

మొదటి రోజు ఇక్కడికి ఆపేయండి, కాళ్ళు కూడా ఇక చాలంటాయి. వావెల్ రెండో రోజు పొద్దున్నే, ఫ్రెష్‌గా.

వావెల్ కొండ ఎక్కడం ఉచితం, కోట ముంగిలి కూడా ఉచితం, లోపల గదులకి విడివిడిగా టికెట్లు, టైమ్ స్లాట్‌తో ఇస్తారు, సీజన్‌లో పొద్దున్నే అయిపోతాయి కాబట్టి అఫీషియల్ సైట్‌లో ముందే తీసుకోవడం మంచిది. కథీడ్రల్ టికెట్ వేరే కౌంటర్. ఎక్కేటప్పుడు ఎడమవైపు ఇటుక గోడ మీద పేర్లు చెక్కి ఉంటాయి. 19వ శతాబ్దంలో ఆస్ట్రియా సైన్యం ఈ కోటని బ్యారక్స్‌లా వాడి వరండాలకి ఇటుక గోడలు కట్టేసింది, వాళ్ళు పోయాక బాగుచేయడానికి దేశంలో, విదేశాల్లో ఉన్న పోలిష్ జనం చందాలు వేసుకున్నారు, ఆ ఇటుకల మీదవి వాళ్ళ పేర్లు.

ముందు కోట ముంగిట్లోకి వెళ్ళండి. 16వ శతాబ్దం మొదట్లో జిగ్మున్త్ రాజు ఇటలీ నుంచి ఫ్లోరెన్స్ వాళ్ళని పిలిపించి కట్టించాడు, మూడంతస్తుల వరండాలు. కింద రెండు అంతస్తుల్లో ఆర్చీలు ఉన్నాయి, పై అంతస్తులో ఆర్చీలు లేవు, సన్నగా, రెట్టింపు ఎత్తు స్తంభాలు నేరుగా కప్పుని మోస్తున్నాయి, స్తంభం మధ్యలో ఒక కట్టు కూడా ఉంటుంది. ఇటలీలో ముఖ్యమైన గదులు మొదటి అంతస్తులో పెడతారు, ఇక్కడ పై అంతస్తులో పెట్టారు, అందుకే ఆ ఎత్తు. కప్పు వాలు, ముందుకు చాచిన చూరు మంచు కోసం. ఇటాలియన్ పద్ధతి పోలండ్ చలికి తగ్గట్టు ఎలా మారిందో కళ్ళ ముందే కనిపిస్తుంది. గదుల టికెట్ తీసుకుంటే రాయబారుల హాల్ తప్పక చూడండి, కప్పు గళ్ళలో చెక్కతో చెక్కిన మనుషుల తలలు కిందికి చూస్తుంటాయి, ఒకప్పుడు 194 ఉండేవి, 30 మిగిలాయి. గోడలకి వేలాడే పెద్ద నేత వస్త్రాలు 16వ శతాబ్దంలో బ్రస్సెల్స్‌లో నేయించినవి, యుద్ధం మొదలవ్వగానే పడవలో తరలించి చివరికి కెనడా దాకా చేర్చి కాపాడారు, 1961 నాటికి గానీ పూర్తిగా తిరిగి రాలేదు.

కథీడ్రల్ గుమ్మం దగ్గర గొలుసుకి పెద్ద ఎముకలు వేలాడుతుంటాయి, డ్రాగన్ ఎముకలు అంటారు, నిజానికి తిమింగలం, మామత్ లాంటి జంతువులవి, అవి కింద పడితే ప్రపంచం అంతం అని నమ్మకం. ఈ చర్చిలో 1320 నుంచి పోలండ్ రాజుల పట్టాభిషేకాలు జరిగాయి, వాళ్ళ సమాధులూ ఇక్కడే. బయట దక్షిణం వైపు నిలబడి పక్కపక్కనే ఉన్న రెండు చాపెళ్ళు (చర్చికి ఆనించి కట్టిన చిన్న ప్రార్థనా మందిరాలు) చూడండి. ఒకదాని డోమ్ బంగారం, రెండోదానిది కాదు, ఆ తేడా తప్ప బయటికి కవలల్లా ఉంటాయి. బంగారు డోమ్‌ది జిగ్మున్త్ చాపెల్, 1519 నుంచి 1533 మధ్య బార్తొలొమెయో బెరెచ్చి కట్టింది, ఆల్ప్స్ పర్వతాలకి ఉత్తరాన ఇంత స్వచ్ఛమైన రెనైజాన్స్ ఇంకోటి లేదని చాలామంది అంటారు. రెండోది తర్వాత ఏలిన వాసా రాజవంశం వాళ్ళు 17వ శతాబ్దంలో దాన్నే చూసి కట్టించుకున్నది, లోపలికెళ్తే నల్ల పాలరాయి, బరోక్, పూర్తిగా వేరే ప్రపంచం. తర్వాత టవర్ ఎక్కితే 1520లో పోతపోసిన జిగ్మున్త్ గంట, దాదాపు 13 టన్నులు, మోగించడానికి పన్నెండుమంది కావాలి, పెద్ద పండగలకి, దేశానికి ముఖ్యమైన రోజులకి మాత్రమే మోగిస్తారు. మెట్లు చెక్కవి, ఇరుకు, దూలాల మధ్య నుంచి వంగి వెళ్ళాలి.

మన వాళ్ళు అడిగే ప్రశ్న ఒకటుంది, ఇక్కడ శివుడి చక్రం ఉందంట కదా అని. శివుడు ప్రపంచంలో ఏడు చోట్లకి ఏడు రాళ్ళు విసిరాడని, అందులో ఒకటి వావెల్ ముంగిలి మూలన నేలలో ఉందని ఒక నమ్మకం గత శతాబ్దంలో బాగా ప్రచారం అయింది. ఆ మూల గోడకి వీపు ఆనించి కళ్ళు మూసుకుని నిలబడేవాళ్ళు ఇప్పటికీ వస్తుంటారు. మన పురాణ కథల్లో నేనైతే ఇలాంటిది వినలేదు, కోట వాళ్ళు కూడా దీన్ని ప్రోత్సహించరు, గోడ పాడవుతుందని దూరంగా ఉండమంటారు, చూడాలనుకుంటే దూరం నుంచి చూడండి. కొండ దిగేటప్పుడు నది వైపు డ్రాగన్ గుహ, వేసవి సీజన్‌లోనే తెరుస్తారు, బయట కంచు డ్రాగన్ నోట్లోంచి నిజంగా మంటలు వస్తాయి, పిల్లలుంటే అరగంట అక్కడే.

మధ్యాహ్నం తర్వాత కాజిమియెష్ అనే పేటకి నడవండి, వావెల్ నుంచి పావుగంట. 1335లో వేరే ఊరుగా పెట్టింది, 1495 తర్వాత క్రాకోవ్ యూదులు ఇక్కడే స్థిరపడ్డారు. షెరోకా వీధి చివర పాత సినగోగ్ (యూదుల ప్రార్థనా మందిరం), పోలండ్‌లో మిగిలిన సినగోగుల్లో అతి పాతది, పైన చూడండి, సుకెన్నిత్సె లాంటి పిట్టగోడే. అదే వీధిలో రెముహ్ సినగోగ్, పక్కన 16వ శతాబ్దపు శ్మశానం, నాజీలు పగలగొట్టిన సమాధి రాళ్ళ ముక్కలతో ఒక గోడ కట్టారు. మగవాళ్ళు తల కప్పుకోవాలి, శనివారం మూసేస్తారు. యుద్ధానికి ముందు ఈ ఊర్లో అరవై వేలకి పైగా యూదులు ఉండేవాళ్ళు, వాళ్ళలో కొద్దిమందే బతికారు, ఇప్పుడు ఈ వీధులు కెఫేలతో కళకళలాడుతున్నా ఆ సంగతి తెలుసుకుని నడవాలి.

నది దాటి పొద్‌గూజె పేటకి వెళ్తే ఘెట్టో వీరుల చౌకు (ఘెట్టో అంటే నాజీలు యూదుల్ని బంధించి ఉంచిన పేట), ఖాళీ ఇనుప కుర్చీలు దూరం దూరంగా నిలబెట్టి ఉంటాయి. 1943 మార్చిలో ఘెట్టో ఖాళీ చేయించి మనుషుల్ని తోలుకుపోయినప్పుడు వాళ్ళ సామాన్లు ఈ చౌకులోనే పడి ఉన్నాయి, ఆ గుర్తుకే ఈ కుర్చీలు. వాటి మీద కూర్చుని నవ్వుతూ సెల్ఫీలు దిగేవాళ్ళని చూస్తే నాకు బాధేస్తుంది, దయచేసి మీరు ఆ పని చేయకండి. చౌకు మూలన తదేవుష్ పాన్‌కెవిచ్ మందుల షాపు, ఘెట్టో లోపల ఉండి యూదులకి సాయం చేసిన పోలిష్ ఫార్మసిస్ట్ ఆయన, చిన్న మ్యూజియం, చాలా బావుంటుంది. పది నిమిషాల దూరంలో షిండ్లర్ ఫ్యాక్టరీ, తన దగ్గర పనిచేసే యూదుల్ని కాపాడిన జర్మన్ వ్యాపారిది, షిండ్లర్స్ లిస్ట్ సినిమా చూసి వచ్చేవాళ్ళు లోపల షిండ్లర్ గురించే ఉంటుందనుకుంటారు, ఎక్కువ భాగం ఆక్రమణ కాలంలో క్రాకోవ్ ఎలా బతికిందో చెప్తుంది. ఆన్‌లైన్ బుకింగ్ లేకుండా వెళ్తే వెనక్కి రావాల్సిందే.

ఇంకో సగం రోజు మిగిలితే ట్రామ్ ఎక్కి నోవా హుతా వెళ్ళండి, 1949లో కమ్యూనిస్టు ప్రభుత్వం స్టీల్ ఫ్యాక్టరీ కోసం పొలాల్లో కట్టిన కొత్త ఊరు, నడి చౌకు నుంచి వెడల్పాటి రోడ్లు విచ్చుకుంటాయి. ఆ ఫ్యాక్టరీ ఆఫీసు బిల్డింగుల మీద కూడా రెనైజాన్స్ పిట్టగోడ పెట్టారు చూడండి, నాలుగు వందల ఏళ్ళ తర్వాత కూడా క్రాకోవ్ వాసన వదల్లేదు. ఆష్విట్జ్‌కి మాత్రం విడిగా ఒక రోజు పెట్టండి, అదే రోజు ఉప్పు గని కలపొద్దు, టూర్ కంపెనీలు కలిపి అమ్ముతాయి గానీ అక్కడ్నుంచి వచ్చాక ఇంకేదీ చూసే మనసు ఉండదు.

ఇక మిగతా సంగతులు. రోడ్లన్నీ రాళ్ళు పరిచినవి, హీల్స్, పల్చటి చెప్పులు వద్దు. డిసెంబర్‌లో మధ్యాహ్నం మూడున్నర, నాలుగుకే చీకటి పడిపోతుంది, కాబట్టి బయటి గోడలు పొద్దున చూసి మ్యూజియాలు సాయంత్రానికి పెట్టుకోండి, జూన్‌లో రాత్రి తొమ్మిది దాకా వెలుతురే. సెయింట్ మేరీ ముఖం పడమర వైపు కాబట్టి దాని ఫోటోలు సాయంత్రమే బావుంటాయి. డిసెంబర్ మొదటి గురువారం మీరు అక్కడ ఉంటే అదృష్టం, స్క్వేర్‌లో కవి మిత్‌స్కెవిచ్ విగ్రహం మెట్ల మీద షోప్కాలు పెడతారు, క్రీస్తు పుట్టిన దృశ్యాన్ని ఈ ఊరి బిల్డింగుల నమూనాల్లో పెట్టి రంగు కాగితాలతో చేసిన బొమ్మకొలువులు, సెయింట్ మేరీ టవర్లు, జిగ్మున్త్ డోమ్ అన్నీ గుర్తుపట్టొచ్చు. ట్రామ్ టికెట్ కొనగానే సరిపోదు, పేపర్ టికెట్ అయితే ఎక్కగానే మెషిన్‌లో స్టాంప్ వేయాలి, లేకపోతే ఫైన్.

వెజ్ తినేవాళ్ళకి పియెరోగి రుస్కియె, కజ్జికాయ ఆకారంలో ఉండి లోపల బంగాళదుంప, పనీర్ లాంటి జున్ను, కానీ పైన వేయించిన పంది కొవ్వు ముక్కలు చల్లుతుంటారు, బేజ్ మియెన్సా, అంటే మాంసం లేకుండా, అని చెప్పి, పైన ఏం వేస్తున్నారో కూడా అడగండి. వీధుల్లో బళ్ళ మీద ఒబ్వజానెక్ అమ్ముతారు, నువ్వులు, గసగసాలు, ఉప్పు చల్లిన రింగు రొట్టె, చవక, కడుపు నిండుతుంది.

పెద్దవాళ్ళని తీసుకొస్తే టవర్లు, డ్రాగన్ గుహ వదిలేయండి, రెండింట్లోనూ మెట్లు ఎక్కువ, ఇరుకు. వావెల్‌కి రాళ్ళు పరిచిన ఏటవాలు దారి ఉంది, మెట్లు లేకుండా ఎక్కొచ్చు, మెల్లగా. ఉప్పు గనిలో మొదట్లోనే దాదాపు 380 మెట్లు దిగాలి, మొత్తం 800 దాకా ఉంటాయి, పైకి లిఫ్ట్‌లో తెస్తారు గానీ మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి దిగడమే కష్టం. ఆ పూట వాళ్ళని ఫ్రాన్సిస్కన్ చర్చి పక్కన ప్లాంటీలో బెంచీ మీద కూర్చోబెట్టండి, ఎండ పడమరకి తిరిగాక లోపలికి తీసుకెళ్ళండి.